పట్టికలో మూడో అనుమానం

పోయిన ఏడాది ఒక నాటకం వాళ్లకు గిటారు సంగీతం రికార్డు చేసి ఇస్తానని ఒప్పుకున్నాను. ఎనిమిది నిమిషాలు, నాలుగు భాగాలు. కాడుగోడిలో అక్కావాళ్ల ఇంట్లో నాకిచ్చిన గదిలో, ఆఫీసుకు వెళ్లే ముందు దొరికే గంటలో రోజుకొక భాగం వాయించి, అన్నీ అతికించి పంపాను. వాళ్లు విని ఫోన్ చేశారు. "ఒక ముక్క ఎదురుగా, ఇంకో ముక్క పక్కింట్లో వాయించినట్టుంది. రెండు వారాల్లో, ఆదివారానికల్లా సరిచేసి ఇవ్వండి. లేదంటే కీబోర్డు వాయించే ఆయన సిద్ధంగా ఉన్నాడు."

నా గిటారు పదిమంది చెవిన పడే మొదటి అవకాశం అది.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. నోటుపుస్తకం తీసి అనుమానాలు వరసగా రాశాను. ఒకటి, వైరు. రెండు, శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే లాప్‌టాప్ సెట్టింగు. మూడు, బావ.

మూడోది ఊరికే రాయలేదు. అత్తిబెలె దగ్గర ఫ్యాక్టరీలో బావది పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఇల్లు చేరి, నేను వచ్చేదాకా నా గదిలో ఫ్యాను కింద పడుకునేది ఆయనే. పైగా గిటారు పట్టుకుంటే చాలు, "ఏమప్పా, ఇంగా శ్రుతి చేస్తానే ఉండావా? పాట ఎప్పుడు?" అని నవ్వేవాడు.

మైకు విప్పి వైరు మార్చాను. బాగుంది. ఒకటి కొట్టేశాను. బుధవారం మళ్లీ శబ్దం తగ్గింది. సెట్టింగు ఆపేసి, మైకు విప్పి, తుడిచి, మొదట్నుంచి బిగించాను. బాగుంది. రెండు కొట్టేశాను. శనివారం మళ్లీ తగ్గింది.

మైకు మళ్లీ విప్పి బిగించాను. ఇక మిగిలింది మూడు. శబ్దం పెంచే నాబ్ మీదా, దాని పక్కన పెట్టె మీదా కలిసేలా పెన్సిల్ గీతలు పెట్టాను. స్టాండు కాళ్లు ఉన్నచోట నేలమీద టేపు అంటించాను. గిటారుకూ మైకుకూ మధ్య జానెడు దూరం దారంతో కొలిచాను. మరుసటి బుధవారం గీత గీత మీదే ఉంది, కాళ్లు టేపు మీదే ఉన్నాయి, దారం సరిపోయింది. శబ్దం మాత్రం సగమే. ఆధారం దొరకనప్పుడు అనుమానం తగ్గాలి, నాకు పెరిగింది. ఇంత శుభ్రంగా చెయ్యి పెట్టడం యంత్రాల మధ్య పనిచేసేవాడికే సాధ్యం అనుకున్నాను.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి నోటుపుస్తకం బావ చేతిలో ఉంది.

"మూడో నెంబరు నేనేనాప్పా?"

పుస్తకం కోసం చెయ్యి చాపాను.

"ఏమే, చూడు. నీ తమ్ముడు నన్ను వైరు పక్కన రాసినాడు," అని అక్కను పిలిచి నవ్వాడు. నవ్వుతూనే నా గదిలోని తన దిండు తీసుకుపోయి హాల్లో వేసుకున్నాడు.

శుక్రవారం సెలవు పెట్టాను. మైకు మళ్లీ విప్పి బిగించి, తెర మీద శబ్దం ఎంతుందో చూపే పచ్చ పట్టీని చూస్తూ వాయిస్తున్నాను. అక్క తలస్నానం చేసి గంధం గిన్నెతో వచ్చింది. మంగళ, శుక్రవారాల్లో, నేను ఆఫీసుకు వెళ్లాక, ఇంట్లో యంత్రాలన్నిటికీ బొట్టు పెట్టడం ఆమె అలవాటు. ఆయుధపూజ నాటి నుంచి నా మైకు కూడా ఆ వరసలో చేరింది. స్టవ్వు మీదా మిక్సీ మీదా లాప్‌టాప్ మీదా చూసి చూసి, ఆ బొట్టు నా కంటికి ఆనడం మానేసింది. మైకును గుడ్డతో తుడిచింది. గంధం, కుంకుమ పెట్టింది. తర్వాత దాన్ని స్టాండు మీదే సగం చుట్టు తిప్పింది. బొట్టు నా వైపు వచ్చింది. పచ్చ పట్టీ సగానికి పడిపోయింది.

"అక్కా, ఎందుకు తిప్పినావు?"

"బొట్టు ఉండే ముఖం గోడ తట్టు ఉంటే ఎట్లరా? దేవుని పటం గోడకి తిప్పుతామా?"

"అది ముఖం కాదు, వీపు!"

"ఆ తట్టు ఏవో అక్షరాలుండాయి. పేరు మింద పెడితే చెరిగిపోతాదని సాదాగా ఉండే తట్టు పెట్టినాను. సుమ్నే ఊరికే అరవద్దు."

ఆ మైకుకు అక్షరాలున్న ముందువైపే చెవి. వెనక నుంచి వచ్చింది దానికి అంతంతమాత్రం. నేను విప్పి బిగించినప్పుడల్లా అక్షరాలు చూసి సరిగానే పెట్టేవాణ్ణి. పేరు వైరుకో సెట్టింగుకో పోయేది. నోటుపుస్తకంలో శబ్దం తగ్గిన రోజులన్నీ బుధ, శనివారాలే. రాసింది నేనే.

మధ్యాహ్నం బావ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే చెప్పాను.

"అయితే మూడు కొట్టేసి, నాలుగని మీ అక్కను రాయి," అన్నాడు.

అక్క వంటింట్లోంచి వింటోంది. నేను రాయలేదు. మూడు మాత్రం కొట్టేశాను. గీత సరిగ్గా పడలేదని పెన్ను లాక్కుని ఆయనే ఇంకోసారి గట్టిగా గీశాడు.

ఆదివారం నాలుగు భాగాలూ ఏకబిగిన వాయించాను. బావ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, నీళ్ల క్యాను తెచ్చిన మనిషిని సైగతోనే వెనక్కి పంపాడు. సాయంత్రానికి నాటకం వాళ్ల జవాబు వచ్చింది. "ఇప్పుడు సమంగా ఉంది. వాడుకుంటాం."

పెట్టిన బొట్టు తుడవడానికి అక్క ఒప్పుకోలేదు. రాజీగా అక్షరాల కింద ఇంకొకటి పెట్టింది. బావ దిండు నా గదికి తిరిగొచ్చింది. ఆ తర్వాతి వారం నాబ్ మీది పెన్సిల్ గీత రవ్వంత పక్కకు జరిగినట్టు కనిపించింది. నోటుపుస్తకం వైపు చూశాను. తియ్యలేదు. నాబ్‌ను మళ్లీ గీత మీదికి తెచ్చి వాయించడానికి కూర్చున్నాను.