చింతమాను మీది మచ్చ, స్టూడియో వాచీ

2022 వేసవి. బనగానపల్లెలో నా ఫోటో స్టూడియో మూతపడి అప్పటికే చాలా కాలమైంది. కడప నుంచి శిరీష అనే పరిశోధక విద్యార్థిని వచ్చి, పాత నెగెటివ్‌లు, అంటే ఫోటోలు వేసుకునే అసలు ఫిల్ములు, చూపించమంది. లక్ష ఉన్నాయన్నాను. నిజానికి రెండు ట్రంకుపెట్టెలు.

ఆమెకు కావలసింది మనుషులు కాదు, వాళ్ల వెనక నా పెరట్లోని చింతమాను. దాని బెరడు మీద బూడిదరంగు మచ్చ ఒకటి ఉంది. అది లైకెన్ అట, బిర్యానీలో వేసే రాతిపువ్వుకు చుట్టం. చాలా నిదానంగా పెరుగుతుంది. ఎంత పెరిగిందో పాత ఫోటోల్లో కొలిస్తే ఇక్కడి గాలి, తేమ ఎలా మారాయో కొంత తెలుస్తుందట. ఆమె ఎంచుకున్న మిగతా చెట్లు రోడ్డు వెడల్పులో పోయాయి. మూడేళ్ల పనికి ఈ మానొక్కటే దిక్కు.

"తాతా, ఫోటోలో కొలత తెలిసిన వస్తువొకటి ఉండాల. దాన్నే స్కేల్ అంటాం."

వస్తువు ఉంది. కరెంటు పోతే జనాన్ని పెరట్లోకి తెచ్చి మాను పక్కన నిలబెట్టేవాడిని. మగవాళ్లకు స్టూడియో వాచీ కట్టి, చేయి ఆ మచ్చ పక్కనే ఆనించమనేవాడిని. ఆ లేతరంగు మచ్చ పక్కన చేయి బాగా తేలుతుంది. వాచీ నడవదు. ఫోటోలో ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

"అన్నిట్లో ఇదే వాచీనా?"

"ఇదే పాపా. స్విట్జర్లాండుది. మొదటినుంచీ ఒక్కటే," అని సొరుగులోంచి తీసిచ్చాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది, మొహం వాడిపోయి. "ఒక ఏడాది మచ్చ ఉన్నట్టుండి ఒకటిన్నర రెట్లయినట్టు వస్తాండాది తాతా. ఆ తర్వాత ఈ పొద్దు దాకా అంతా సరిగ్గానే ఉండాది. లైకెన్ అట్ల ఎగిరి పెరగదు. ఈ చెట్టును లెక్కలోంచి తీసెయ్యమంటాండారు మా గైడు."

"ఆ ఏడు వానలు శానా పడినాయేమో."

ఆమె నవ్వలేదు. నాకు నిజం ఒప్పుకోక తప్పలేదు. వాచీలు రెండు. నేనిచ్చింది స్విట్జర్లాండుది కాదు, నంద్యాల అంగడిలో కొన్నది, నా భార్య చేతి చిన్న వాచీ. అంతకుముందున్న పెద్ద వాచీని మస్తాన్ అనే కొత్త పెళ్లికొడుక్కి కడితే, ఫోటో దిగి అట్లాగే కట్టుకుపోయాడు. ఆ పెద్ద వాచీని చిన్నదనుకుని లెక్కేసినందుకు, అంతకుముందు ఫోటోల్లో మచ్చ ఉన్నదానికంటే చిన్నగా తేలింది.

మస్తాన్‌కు ఇప్పుడు బస్టాండు దగ్గర పంక్చర్ షాపు. ఇద్దరం పోయాం.

"ఏమన్నా, ఇన్నేండ్లకు అడుగుతాండావే! పెండ్లికి నువ్వే సదివిచ్చినావనుకుంటి."

"నేనా? నా జన్మలో ఎవురికి సదివిచ్చినానప్పా?"

"అదీ నిజమేలే. యాడ పడేసినానో ఏమో, ఉండు."

నట్ల డబ్బా బోర్లించి వెతికాడు. చివరికి దొరికింది. పట్టీ లేదు, ముళ్లు లేవు, గుండ్రటి డయలు మాత్రం చెక్కుచెదరలేదు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌తో ఆమె అక్కడే కొలిచి, లాప్‌టాప్‌లో అంకె మార్చింది. గ్రాఫులో పాత ఫోటోల చుక్కలన్నీ వచ్చి కొత్తవాటి వరుసలో కూర్చున్నాయి. చెట్టు ఆమె లెక్కలో నిలిచింది.

"ఇంకేమన్నా వాచీలుండాయా తాతా?"

"లేవు పాపా, ఒట్టు."

"ఆయప్ప ఒట్టు నమ్మాకు పాపా," అన్నాడు మస్తాన్. "ఇంటికి పోయి సొరుగు సూడు."

నా పనిలో చేయి అందంగా పడితే చాలు, దాని మీది వాచీ ఏదైనా ఒకటే. కొలిచేవాళ్లకు అట్లా కాదు. గొప్పకు అన్న ఒక్క మాట ఆ పిల్ల మూడేళ్ల పనిని ముంచబోయింది. ఇప్పుడు పాత ఫోటోల కోసం ఎవరొచ్చినా ఉన్నదున్నట్టే చెబుతున్నాను. గొప్పలు లేకపోయేసరికి టీ చల్లారకముందే లేచి వెళ్లిపోతున్నారు, అదొక్కటే నష్టం.