ముడుపు కట్టిన కెమెరా

పాకాల స్టేషన్ రోడ్డులో మా అక్క మొగుడు చెంగల్రాయుడికి ఫోటో స్టూడియో ఉంది. స్టూడియోలో కెమెరా ఉందా అని మాత్రం నన్ను అడగొద్దు. ఆదివారం ఉంటుంది, బుధవారం ఉండదు. పక్క గదిలో నా జిరాక్సు కొట్టు. పద్నాలుగేళ్ళుగా ఒకటే మిషను. దగ్గుతుంది, కాగితాలు నములుతుంది, అయినా అన్నం పెడుతోంది. ఈ పద్నాలుగేళ్ళలో బావ ఎన్ని కెమెరాలు మార్చాడో ఆయనకే గుర్తు లేదు.

పాత కెమెరాలు కొని అమ్మడం ఆయనకు వ్యాపారం కాదు, జబ్బు. చిత్తూరులో ఎవరో కెమెరా అమ్ముతున్నారంటే తింటున్న చెయ్యి కడుక్కుని పరిగెత్తుతాడు. కొన్నరోజు "ఇంగ ఇదే, సచ్చేదాకా ఇదే" అంటాడు. పది రోజులకు దానికి ఏదో ఒక వంక దొరుకుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు. పెళ్ళి ఆర్డరు వచ్చిందంటే తను అమ్మిన కెమెరానే, కొన్నవాడి దగ్గర అద్దెకు తెచ్చుకుంటాడు. ఒకసారి అట్లా తెచ్చిన కెమెరాని తిప్పి తిప్పి చూసి, "ఎంత బాగుండాదిరా ఇది! ఎవురమ్మినారో ఏమో, బుద్ధి లేనోళ్ళు" అని నాతోనే అన్నాడు.

ఆయన ఖర్మ ఆయనది అని ఊరుకుందును. కానీ ఆ ఇంట్లో మా అత్త ఉంది, బావ తల్లి సిద్ధమ్మ. ఎనభై రెండేళ్ళు. ఆమెకున్నది ఒకే ఒక్క కోరిక. పోయేలోపల కొడుకు చేత మంచి ఫోటో ఒకటి తీయించుకోవాలి.

ఎందుకంటే మామ మునస్వామి చనిపోయినప్పుడు ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. కొడుకు ఫోటోగ్రాఫరు, తండ్రికి ఫోటో లేదు! చివరికి రేషను కార్డు మీది ఫోటోని నేనే నా మిషన్లో పెద్దది చేసి ఇచ్చాను. చెవి మీద ఆఫీసు ముద్ర సగం పడి ఉంది. ఇప్పటికీ గోడ మీద మామ ఆ ముద్రతోనే దండ వేయించుకుంటున్నాడు. అత్త రోజూ ఆ గోడ చూస్తుంది.

"నాకూ ముద్ర కొట్టిన మొకానికేనా దండేసేది?" అని అడుగుతుంది. సెల్లులో తీస్తానని నేను నాలుగుసార్లు చెప్పాను. "పో అబ్బోడా. కొడుకు ఫోటోగ్రాఫరయ్యుండి సెల్లులో దిగి సావల్నా?" అని కసిరింది.

కొత్త కెమెరా ఇంటికి వచ్చిందంటే చాలు, అత్త ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, తల దువ్వుకుని, కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. బావ కెమెరా కంటికి పెట్టుకుంటాడు. ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. దించేస్తాడు.

"మా, ఈ లెన్సు సరిగా లేదు. వచ్చే వారం మంచిది వస్తా ఉండాది. దాంట్లో తీస్తే నువ్వు మహాలక్ష్మి మాదిరి ఉంటావు."

వచ్చే వారానికి ఉన్న కెమెరా కూడా శ్రీకాళహస్తి రైలెక్కి వెళ్ళిపోతుంది. అత్త చీర మడిచి పెట్టెలో పెడుతుంది. నేను చూస్తుండగానే ఆ చీర పదకొండుసార్లు బయటికి వచ్చి పదకొండుసార్లు లోపలికి పోయింది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆమె మాత్రం మళ్ళీ కొత్త కెమెరా కోసం ఎదురుచూసేది.

పోయిన ఏడు ఆషాఢంలో ఒక కెమెరా వచ్చింది. దాన్ని కూడా రేణిగుంట ఆయనెవరికో బేరం పెట్టేశాడు బావ. ఆ మనిషి వచ్చే రోజు పొద్దున్నే బావ ఇంట్లోంచి ఆయన కేక వినబడింది. ఎవరికేమైందోనని పరిగెత్తాను. దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం ముందు పసుపు గుడ్డ మూట ఒకటి ఉంది. మూడు ముళ్ళు వేసి, పైన కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మామూలుగా అయితే ఆ మూటలో రూపాయి బిళ్ళ ఉండాలి. దీంట్లో కెమెరా ఉంది.

"ముడుపు కట్టినా" అంది అత్త. "తడి తగిల్తే చెడిపోతుందని గుడ్డ బాగా ఆరబెట్టే కట్టినాలే."

"కెమెరాకి ముడుపు కడతారామ్మా యాడన్నా?" అన్నాడు బావ.

"నా కొడుకు ఈ కెమెరాతో నా ఫోటో తీస్తే, దీన్నే తెచ్చి నీకిస్తానని సామికి మొక్కుకున్నా. ఇంగ ఇది సామి సొమ్ము. ధైర్యముంటే అమ్ముకో పో."

బావ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "కట్టి పెడితే ఫోటో ఎట్ల తీసేదిమా?"

"అది నీ పని. ఫోటోలు తీసేవాడివి నువ్వా, నేనా?"

మొక్కు తీరందే ముడి విప్పకూడదు. ముడి విప్పందే మొక్కు తీరదు. రేణిగుంట మనిషి వచ్చి, మూటను చూసి, దండం పెట్టుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మా బావ అంత దిగాలుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వు ఆపుకోలేక నేను పెరట్లోకి పోయి వచ్చాను.

సాయంత్రం ఇద్దరం పూజారి కృష్ణమూర్తి గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, కళ్ళు మూసుకున్నాడు.

"ముడి విప్పకూడదప్పా. అంతే."

"గుడ్డకి బొక్క పెట్టచ్చునా సామీ?" అన్నాడు బావ.

ఆయన కళ్ళు తెరిచాడు. "ముడి సంగతి అందరూ అడుగుతారు. గుడ్డ సంగతి ఇంతవరకూ ఎవురూ అడగలేదు. ముడి జోలికి పోకుండా ఏమన్నా చేసుకో."

నా కొట్లోంచి కత్తెర తెచ్చాను. ముందు లెన్సుకు ఒక బొక్క. కన్ను పెట్టడానికి వెనకాల ఒకటి. బ్యాటరీకి ఒకటి, కార్డుకు ఒకటి, మీట నొక్కే వేలికి ఒకటి. చివరికి ఆ గుడ్డలో మూడు ముళ్ళు, వాటిని పట్టుకున్న నాలుగు పీలికలు మిగిలాయి.

అత్త పన్నెండోసారి పట్టుచీర కట్టుకుని కూర్చుంది. బావ కెమెరా ఎత్తాడు. అమ్మడానికి వీల్లేదు, మార్చడానికి వీల్లేదు. లెన్సు సరిలేదని అననూ లేడు. ఇక చేసేదేముంది, తల్లి ముఖం చూశాడు. కిటికీ రెక్క తెరిచి చూశాడు, కుర్చీ జరిపి చూశాడు. కింద కూర్చుని చూశాడు. చేతిలో ఉన్నది ఎట్లాంటిదో తెలుసుకోవడానికి ఆయనకు గంట పట్టింది. పద్నాలుగేళ్ళలో ఆ గంటా ఒక్కరోజూ దొరకలేదు మహానుభావుడికి.

బొట్టు పెట్టుకుని, పసుపు పీలికలు వేలాడేసుకుని తన వైపు చూస్తున్న ఆ కెమెరాను చూసి అత్తకు నవ్వు ఆగలేదు. పళ్ళు లేని నోరు తెరిచి నవ్వింది. బావ మీట నొక్కాడు.

ఏం ఫోటో అది! ఒక మూల గుడ్డ అంచు అడ్డం పడి పసుపు చల్లినట్టుంది. మధ్యలో అత్త నవ్వుతోంది. బావ ఆ ఫోటో చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

మొక్కు తీరింది కాబట్టి ముగ్గురం కొండకు బయల్దేరాం. బావ దారి పొడుగునా మూటను నిమురుతూనే ఉన్నాడు. "మొదటిసారి ఒకటి చేతికి అలవాటైందిరా ఢిల్లీబాబూ. అదీ పోతా ఉండాది" అన్నాడు నాతో.

క్యూ దగ్గర తనిఖీ చేసే మనిషి ఆపాడు. "కెమెరా లోపలికి రాదు. కౌంటర్లో పెట్టి రండి."

"కెమెరా కాదు సార్, ముడుపు" అన్నాడు బావ.

ఆయన మూటను అటూ ఇటూ తిప్పాడు. "ముడుపుకు లెన్సు ఉండాదే."

ఎంత బతిమాలినా కుదరలేదు. హుండీ లోపల ఉంది, కెమెరా లోపలికి పోకూడదు. కౌంటర్లో పెట్టి, దర్శనం చేసుకుని, మళ్ళీ తీసుకుని బయటికి వచ్చాం. బావ ముఖంలో పాత వెలుగు వచ్చింది. అది ఏ వెలుగో నాకు తెలుసు.

"సామే వద్దన్నాడుమా. అంటే మనదే. రేణిగుంటాయన ఇంకా అడగతానే ఉండాడు."

"వద్దని యాడ చెప్పినాడు? ఇంకా తీసుకోలేదు, అంతే. తీసుకునేదాకా నీకాడ దాచిపెట్టినాడు. దేవుడు దాచుకున్న సొమ్ము అమ్ముతావా?"

"పోనీ దీని ఖరీదు హుండీలో వేసేస్తే?"

"వెయ్యి. ఏ ఖరీదు? నువ్వు కొన్నదా, అమ్మేటప్పుడు చెప్పేదా? సామికి ఏది చెప్తావు?"

బావ మూటను చంకలో పెట్టుకుని బస్సు వైపు నడిచాడు.

పాకాల బస్సులో బావ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను అత్త పక్కన కూర్చుని మెల్లిగా అడిగాను. "అత్తా, లోపలికి కెమెరా పోనీరని నీకు ముందే తెలుసునా?"

"అరవై ఏండ్లుగా కొండకొస్తా ఉండాను. తెలీకుండా ఉంటుందా అబ్బోడా?"

"అమ్మ దొంగా! ఫోటో వచ్చేసింది కదా, ఇంగ కెమెరా ఆయన దగ్గర ఉంటే ఏమి, పోతే ఏమి?"

అత్త కొంగు సర్దుకుని, కిటికీ వైపు తిరిగి, కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది.

"సావు కోసరమని దిగినా. దాంట్లో నవ్వేస్తా ఉండాను కదా, సచ్చేదానికి మనసు రాలేదు. పైయేడు కూడా దీంట్లోనే ఫోటో దిగల్లబ్బా."

ముందు సీట్లో బావ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చంద్రగిరి దాటినా కింద పెట్టలేదు.