నా పేరుతో మాట్లాడిన గొంతు

లాప్‌టాప్ తెర మీద ఆ అమ్మాయి గుటక వేసింది. పెదవులు మూసుకున్నాయి. గొంతు మాత్రం ఆగలేదు. చక్కటి ఇంగ్లీషులో ఇంకో రెండు మాటలు పూర్తిచేసి, అప్పుడు ఆగింది.

మామూలుగా అయితే ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందనుకుని వదిలేసేదాన్ని. కానీ ఆ వారమంతా మా అమ్మాయి పక్కన కూర్చుని కార్టూన్లు చూస్తున్నాను. పందొమ్మిదేళ్ల పిల్ల, కాలేజీకి వారం సెలవులిస్తే ఇంటికొచ్చి, హాల్లో సోఫా ఎక్కి, పెద్దవాళ్ల కోసం తీసిన బూతుల కార్టూన్ సిరీస్ ఒకటి మొదటినుంచీ పెట్టుకుంది. ఆ బొమ్మల నోళ్లకు నాలుగైదు ఆకారాలే ఉంటాయట, వాటినే తిప్పి తిప్పి వాడతారట. "పెదాలు చూడమ్మా, మాటకి మ్యాచ్ అవ్వవు" అని చూపించింది. ఒకసారి చూశాక ఇక అదే కనిపిస్తుంది. అలా అలవాటైన చూపుతోనే ఆ పొద్దున పదింటికి దొంగతనం పట్టేశాను.

నేను ట్రాయ్ అనే ఊళ్లో ఒక కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. వారానికి రెండు రోజులు ఇంటినుంచే పని. మా టీమ్‌లో ఒక ఖాళీ ఉంటే, మొదటి ఇంటర్వ్యూ నన్ను చేయమన్నారు. వీడియోలో కనిపించింది ఇరవై ఆరేళ్ల తెలుగమ్మాయి. వినిపించింది ఇంకెవరో ఆడమనిషి.

పట్టుకున్నదాన్ని అక్కడే నిలదీయాలి. నిలదీయలేదు. ఇంకో రెండు ప్రశ్నలు వేసి, థాంక్స్ చెప్పి, లాప్‌టాప్ మూసేశాను. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో సాయంత్రం నాలుగులోపు ఫామ్ నింపి పంపాలి. "వేరొకరు మాట్లాడారు" అని ఒక్క ముక్క రాస్తే ఆమె పేరు మా కంపెనీలోనే కాదు, పంపిన ఏజెన్సీలోనూ చెడిపోతుంది. ఆమెది ఉద్యోగం ఉన్నంతకాలమే ఇక్కడ ఉండనిచ్చే హెచ్-వన్ వీసా. ఉద్యోగం పోయి నెల దాటిందని రెజ్యూమెతో పాటు వచ్చిన నోట్‌లో ఉంది. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. ఆ పిల్ల ఇక్కడ ఉంటుందో పోతుందో, నాలుగింటిలోపు నేను రాసే ముక్క మీద ఉంది.

ఒళ్లు మండింది. ఆమె మీదే అనుకున్నాను. కడిగిన గిన్నెలు మళ్లీ కడిగాను. కాఫీ పెట్టుకుని తాగడం మర్చిపోయి ఇంకోటి పెట్టాను. గరాజ్ ముందు మిగిలిన మురికి మంచును పారతో చెక్కడం మొదలుపెట్టి, చలికి తట్టుకోలేక లోపలికి వచ్చాను. వచ్చి సోఫా వెనకాల పచార్లు మొదలుపెట్టాను.

"అమ్మా, నిన్ను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కూర్చో" అంది మా అమ్మాయి, తల తిప్పకుండా.

కూర్చున్నాను.

ఆ సిరీస్ సంగతి కొంచెం చెప్పాలి. ఒక నగరం. దాన్ని కాపాడే హీరో ఒకడు. మెడ ఉండదు, దవడ పెట్టెలా ఉంటుంది. ఆ నగరాన్ని ముంచేయాలని చూసే విలన్ ఒకావిడ, ఆకుపచ్చ ముఖం. మన సినిమాల్లో విలన్ తెర మీదికి రాకముందే మ్యూజిక్ చెప్పేస్తుంది, వీడు వెధవ అని. ఇందులో ఆ సుఖం లేదు. ఆకుపచ్చావిడ సోమవారం వంతెన పేల్చేస్తుంది. మంగళవారం పక్కింటి ముసలాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లి, ఆయన బయటికి వచ్చేదాకా పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంటుంది. హీరో ఒంటిచేత్తో బస్సునెత్తి పిల్లల్ని కాపాడతాడు, ఇంటికెళ్లి పెళ్లానికి నోటికొచ్చిన అబద్ధమల్లా చెబుతాడు. "ఇంతకీ వీళ్లలో మంచివాళ్లెవరే?" అని రోజుకు నాలుగుసార్లు అడిగి పిల్ల ప్రాణం తీశాను. "అది పాయింట్ కాదమ్మా" అనేది. నన్ను ఇంకా తొలిచేసింది వేరే ఉంది. ఎవరు ఏ ఘోరం చేసినా మర్నాటి ఎపిసోడ్‌లో అంతా మామూలే. కూలిన వంతెన నిలబడి ఉంటుంది, చేసినవాళ్లు కాఫీ కప్పుతో తిరుగుతూ ఉంటారు. శిక్ష లేని కథ నాకు నచ్చదు. నచ్చదు అంటూనే వారమంతా చూశాను.

ఆ పూట ఎపిసోడ్‌లో ఒక గుట్టు బయటపడింది. హీరోకి పేరు తెచ్చిన మొట్టమొదటి సాహసం, తగలబడుతున్న ఇంట్లోంచి మనుషుల్ని బయటికి తేవడం, అతను చేసిందే కాదు. చేసింది ఆకుపచ్చావిడ. కెమెరాలు వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నది ఇతను. ఇతను కాదనలేదు, ఆవిడ అడగలేదు.

"పాపం" అన్నాను.

"కదా? పాపం ఆవిడ" అంది మా అమ్మాయి.

"ఆవిడ కాదే. వాడు."

రిమోట్ నొక్కి బొమ్మ ఆపేసింది. "హీరోకా? అమ్మా, హీరో అబద్ధం చెప్పింది!" దానికి మగవాళ్ల క్రియలు ఇప్పటికీ పట్టుబడలేదు. వాళ్ల నాన్న కూడా దానికి 'వచ్చింది', 'వెళ్లింది'. "క్రెడిట్ మొత్తం స్టీల్ చేసింది. దానికి పాపం ఎందుకు?"

"భయపడ్డాడే. నేను కాదని చెబితే ఏమవుతుందోనని."

"పాపం అంటే సిన్ కదా? టెంపుల్ క్లాస్‌లో ఆంటీ అదే చెప్పారు."

"అదీ పాపమే, ఇదీ పాపమే."

"రెండూ ఎలా అవుతాయి? ఏదో ఒకటి పిక్ చెయ్యి."

"నీకు తెలుగు రాదు, నన్ను చంపకు" అని విసుక్కుని లేచిపోయాను. తప్పు దానిది కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేను.

ఇరవై రెండేళ్ల కిందట నేను ఈ దేశం వచ్చి, ఎడిసన్ ఊళ్లో దిగాను. ఓక్ ట్రీ రోడ్డులో చీరల కొట్టు పైన వీసా ఇప్పించి, ఉద్యోగాలు వెతికిపెట్టే మా కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్ హౌస్. రెండు గదులు, నలుగురం అమ్మాయిలం, ఎప్పుడూ ఒకటే పప్పు వాసన. రెజ్యూమెలో నాకు ఐదేళ్ల అనుభవం ఉంది. నాకు లేదు. ఫోన్‌లో ఇంగ్లీషు వినగానే నాలుక పిడచకట్టుకుపోయేది. రెండు ఇంటర్వ్యూలు నేనే మాట్లాడి పోగొట్టుకున్నాక, మూడోదానికి కన్సల్టెన్సీ వాళ్లు అక్కను పంపారు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, ఆ గెస్ట్ హౌస్‌లో అందరికీ అక్కే. హైదరాబాదులో ఏడేళ్లు టెస్టింగ్ చేసి, మొగుడి వీసా మీద వచ్చి, పనిచేసే హక్కు లేక ఇంట్లో కూర్చున్న మనిషి. అమ్మాయిల ఇంటర్వ్యూలు వాళ్ల పేర్లతో ఆమె మాట్లాడేది. ఒకరికి నెమ్మదిగా, ఒకరికి గలగలా, పిల్లను బట్టి గొంతు మార్చేది. తన రెండేళ్ల పాపను చంకనేసుకుని వచ్చేది.

"ఏమే, దీనికి బిస్కెట్ ఇచ్చి ఊరుకోబెట్టు. ఏడ్చిందంటే కొంప మునుగుద్ది" అని పాపను నా ఒళ్లో పడేసి, కోట్లు తగిలించే అలమరలోకి దూరి, తలుపు ఓరగా వేసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. టెస్ట్ ఫెయిలయితే మొదట ఏం చూస్తావని అవతలాయన అడిగాడు. "ముందు నా టెస్టే తప్పేమో చూస్తాను" అంది అక్క. ఆయన నవ్వాడు. ఆ అరగంటా నా పేరుగల మనిషి ఎంత తెలివైనదో వింటూ కూర్చున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా అక్క వెంటనే బయటికి రాలేదు. వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. "ఎన్నాళ్లైందే ఇట్టా మాట్లాడి" అంది. మా కోసం కష్టపడుతోందని మేం జాలిపడేవాళ్లం. తన కోసం కూడా చేసుకుంటోందని నాకు ఆ వేళే తెలిసింది.

ఉద్యోగం ట్రాయ్‌లో, ఈ కంపెనీలోనే. మొదటి రోజే మేనేజరు, ఫోన్‌లో నీ గొంతు వేరేగా ఉందే అన్నాడు. జలుబు చేసిందన్నాను. ఆ జలుబు మూడు వారాలు తగ్గలేదు. రోజూ భోజనాల వేళ పార్కింగ్‌లో, కారులో కూర్చుని అక్కకు ఫోన్ చేసేదాన్ని. రాని పని ఆమె చెప్పేది, నేను కాగితం మీద రాసుకుని లోపలికెళ్లి చేసేదాన్ని. పనితో పాటు ఆమె మాటతీరు కూడా అంటుకుంది. ఇప్పటికీ మీటింగుల్లో నేను మాట్లాడే ఇంగ్లీషు ఆమెదే. ఆరు నెలలయ్యాక నా ఫోన్లు తగ్గాయి. తర్వాత ఆమె చేసినా ఎత్తడం మానేశాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సామెత అందరూ ఎదుటివాళ్ల గురించే చెబుతారు, నేనూ అంతే.

ఎనిమిదేళ్లకు మళ్లీ ఫోన్ చేసింది. కొత్త నంబరు కాబట్టి ఎత్తాను.

"నాకు వర్క్ పర్మిట్ వచ్చిందే! మీ కంపెనీలో ఏమన్నా ఉంటే చూడు. గ్యాప్ ఉందని ఎవరూ పిలవట్లా. ఒక్కసారి మాట్లాడనిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఆ వారమే మా టీమ్‌లో ఒక ఖాళీ ఉంది. మనుషుల్ని ఎంచేవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు ఫోన్‌లో నన్ను ఎంచిన మేనేజరు ఇంకా అక్కడే ఉన్నాడు. ఎనిమిదేళ్ల కిందట అరగంట విన్న గొంతు ఎవడికి గుర్తుంటుంది? అయినా భయమేసింది. అసలు నిజం వేరు. ఆమె వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంటే ఎవరికి పని వచ్చో, ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో నాలుగు రోజుల్లో తేలిపోతుందని భయమేసింది. "ఇప్పుడేం లేవక్కా, ఉంటే చెప్తా" అన్నాను. "సరేలే తల్లీ" అంది. మళ్లీ చేయలేదు. ఆ తర్వాత వారాంతపు విందుల్లో ఎప్పుడు దొంగ ఇంటర్వ్యూల ప్రస్తావన వచ్చినా, అలాంటివాళ్ల వల్లే మన పరువు పోతోందని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. సోమవారం మామూలుగా ఆఫీసుకు వెళ్లేదాన్ని.

మూడు దాటింది. ఫామ్ తెరిచి, పరిజ్ఞానం చాలదని రాశాను. అది పిరికి దారి. ఎవరి పేరూ చెడదు, పిల్ల పోతుంది, నా చేతికి మట్టి అంటదు. చెరిపేశాను. వేరొకరు మాట్లాడారని రాశాను. ఆ ముక్క రాసే అర్హత నాకెక్కడిదని అదీ చెరిపేశాను. తీసుకోమని రాయాలన్నా చెయ్యి రాలేదు. మేం పరీక్షించేది కార్ల బ్రేకుల్ని నడిపే సాఫ్ట్‌వేర్. పని రాకుండానే నేనూ ఈ ఉద్యోగంలోకి వచ్చాను. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదంటే అది అక్క చలవే గానీ నా గొప్ప కాదు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. మూడుంపావుకు, పది నిమిషాలు మాట్లాడాలని చెప్పి ఆ అమ్మాయికి వీడియో లింకు పంపాను.

వెంటనే వచ్చింది. నేను తెలుగులోకి దిగాను.

"పొద్దున మాట్లాడింది మీరు కాదు కదమ్మా."

కెమెరా పక్కకు, ఎవరివైపో చూసింది. "సారీ మేడమ్. మస్తు భయమైంది. ఇంక ఇరవై రోజులే ఉన్నయ్ మేడమ్."

"సౌండ్ సరిగా లేదని రాస్తున్నాను. ఎల్లుండి మళ్లీ కూర్చుందాం. ఈసారి మీరే మాట్లాడాలి. గదిలో ఇంకెవరూ ఉండకూడదు."

"నాకు అన్నీ రావు మేడమ్."

"రానివి రావని చెప్పండి. ఉద్యోగం వస్తుందని మాటివ్వడం లేదు. మీ గొంతు వింటానంటున్నాను, అంతే."

సౌండ్ శుభ్రంగా ఉంది. అంటే నేను రాయబోయేదీ అబద్ధమే. అది తెలిసే అన్నాను. తర్వాత, ఎందుకు పిలిచానో ఆ పనికి వచ్చాను. "మీ పక్కనున్నావిడను పిలవండి."

కెమెరా అవతల కుర్చీ జరిగిన చప్పుడు. నలభైకి దగ్గరపడ్డ ఒకావిడ, ముడేసుకున్న జుట్టు, స్వెట్టర్ చేతికి పిండి మరక, వంగి తెరలోకి చూసింది. గొంతు పొద్దుటిదే. "తప్పు నాదేనండీ. ఈ పిల్లను ఏమీ అనకండి."

"మీకు వర్క్ పర్మిట్ ఉందా?"

"వచ్చి ఏడాదైందండీ. ఎవరూ పిలవడం లేదు."

"మీ రెజ్యూమె నాకు పంపండి. మీ పేరుతో."

ఆవిడ, కళ్లు తుడుచుకుంటున్న ఆ అమ్మాయి వైపు చూసింది. "నాకేం తొందర లేదండీ, మా ఆయనకు ఉద్యోగం ఉంది. ముందు దీన్ని తీసుకోండి. పని నేను నేర్పిస్తాను. రోజూ ఫోన్‌లో దగ్గరుండి చెబుతాను, ఎవరికీ తెలియదు."

అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో, హాల్లో మా అమ్మాయి కార్టూన్ ఆపేసేంత గట్టిగా అన్నాను. "నేర్పిస్తారండీ, నాకు తెలుసు. పని వచ్చాక ఈ పిల్ల మీ ఫోన్ ఎత్తదు."

"అయ్యో, అలా అనకండి. ఇది అలాంటి పిల్ల కాదు" అని ఆవిడ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"మా అక్క కూడా నా గురించి అలాగే అనుకుంది" అన్నాను.