డిస్కులు కోల్డ్ స్టోరేజీలో దాచిన దేవకుమారి

గుంటూరు శివార్లలో ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. అందులో ఇరవై రెండేళ్ళుగా గుమస్తా మన దేవకుమారి. వయసు యాభై రెండు. ఈ వయసులో ఆడవాళ్ళు సాయంత్రంపూట ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళకి ఆ వీధిలో కొదవలేదు. ఈవిడ మాత్రం ఇంటికొచ్చి, చేతులకంటిన ఘాటు వదిలేదాకా మూడుసార్లు సబ్బేసి కడుక్కుని, టీవీ ముందు కూర్చుని కార్ల పందేలు ఆడుతుంది. ఆ గేమ్ కన్సోల్ కూతురు స్తుతి కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. స్తుతి నర్సింగ్ హాస్టల్‌కి వెళ్ళిపోయింది, కన్సోల్ అమ్మ పాలబడింది. ఇంకేముంది, ఊళ్ళో కుర్రాళ్ళంతా ఆవిడ చేతిలో ఓడిపోయినవాళ్ళే.

ఆవిడ దగ్గర ముప్ఫై డిస్కులున్నాయి. అడిగినవాళ్ళకి ఇస్తుంది, తిరిగి తేకపోతే ఇంటిమీదికెళ్ళి మరీ తెచ్చుకుంటుంది.

పక్కింటి షబ్బీర్‌కి ఈ డిస్కులంటే ఎగతాళి. పాతికేళ్ళవాడు, సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతున్నాడు. వాడి కన్సోల్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. ఆటలన్నీ నెట్‌లోనే కొంటాడు. మే నెల మొదటివారంలో ఒకరోజు అరుగు మీద పెద్ద వాదనే జరిగింది.

"ఇంకా ఈ కంచాలేంటి ఆంటీ? గీత పడితే పోయె, విరిగితే పోయె. నా ఆటలు చూడండి, ఎలక కూడా కొరకలేదు!"

"కొన్నావు సరే, నాలుగు రోజులు నాకియ్యి చూద్దాం. ఇవ్వలేవుగా? అమ్ముకోగలవా? అదీ లేదు. అది కొనడం కాదురా అబ్బాయ్, కౌలు!"

"మీ డిస్క్‌లో మాత్రం ఆటంతా ఉంటుందా ఏంటి? సగం నెట్‌లోంచి దించుకోవాల్సిందేగా?"

"అన్నిటికీ కాదులే. నా కార్ల ఆటకి అక్కర్లేదు. పెడితే ఆడుద్ది, అంతే."

కౌలు అన్నమాట ఆవిడ నోట ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న దానయ్య పర్చూరు దగ్గర ఇరవయ్యేళ్ళు ఒకే చేలో మిరప వేశాడు. అంతా నోటిమాట కౌలే. ఒకరోజు పొద్దున్నే చేలోకి వెళ్ళేసరికి ఎవరిదో ట్రాక్టరు దున్నుతోంది. ఆసామి పొలం అమ్మేశాడట, చెప్పడం మర్చిపోయాడట! అప్పటినుంచి దేవకుమారికి ఏ వస్తువైనా చేతికి తగలాలి, తనదై ఉండాలి. అందుకే ఆ డిస్కులంటే అంత ప్రాణం.

ఆవిడ భర్త జయపాల్ ఆటో నడుపుతాడు, తగువు తీర్చడం కంటే పెట్టడంలో దిట్ట. "ఎందుకీ గొడవ? ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరి టీవీలో వాళ్ళు అదే కార్ల ఆట పెట్టండి. ఎవరి ఆట ముందు మొదలైతే వాళ్ళదే గెలుపు" అన్నాడు. ఆవిడ ఓడితే డిస్కులన్నీ ఇచ్చేసి నెట్‌లోకి మారాలి. వాడు ఓడితే వీధంతా వినేలా "నేను కొన్నది ఆట కాదు, కౌలు" అని అరవాలి. ఉక్రోషంలో ఆవిడ సరేనంది. రాత్రి పడుకున్నాక గుండెల్లో రాయి పడింది. ముప్ఫై డిస్కులూ పోతే ఎలా?

అసలు సంగతి ఇంకోటుంది. వాళ్ళది రేకుల ఇల్లు. మే ఎండకి బీరువాలో కొవ్వొత్తులు కూడా వంగిపోయాయి. డిస్కులు వంకర పోతాయని ఆవిడకి బెంగ పట్టుకుంది. 'చల్లగా ఉంటే మిరపకాయే రెండేళ్ళు రంగు మారదు, డిస్క్‌కేమవుద్ది?' అనుకుంది. మర్నాడే డిస్కులన్నీ స్టీలు డబ్బాలో సర్ది, కోల్డ్ స్టోరేజీలో తేజా రకం మిరపకాయల బస్తాల పక్కన పెట్టి వచ్చింది. ఇరవై రెండేళ్ళ అనుభవం మరి!

ఆదివారం చర్చి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళి, వాచ్‌మన్‌ని బతిమాలి డబ్బా తెచ్చుకుంది. వాకిట్లో వీధి జనం చేరారు. మూత తియ్యగానే అందరూ ఒక్కసారిగా తుమ్మారు. డిస్క్ తీస్తే ఏముంది, ఒళ్ళంతా చెమట పట్టినట్టు నీళ్ళు! గబగబా తుడిచి పెట్టింది. కన్సోల్ గుర్రుగుర్రుమని తిరిగి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఉమ్మేసింది.

"దానికి జలుబు చేసిందే! ఆవిరి పట్టు!" అన్నాడు జయపాల్.

"నోర్ముయ్యవయ్యా!" అందేగానీ ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. పాత నూలుచీర ముక్కతో డిస్క్ అద్ది, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబెడుతూ కూర్చుంది. పక్కింట్లోంచి ఏ క్షణాన షబ్బీర్ కేక వినబడుతుందోనని చెవులు అటే.

పావుగంటైనా కేక వినబడలేదు. మూడోసారి పెట్టేసరికి తెరమీద కార్లు బారులు తీరాయి. వీధంతా ఈలలు! దేవకుమారి ఎగిరి గంతేసినంత పనిచేసి, పక్కింటికి పరిగెత్తింది.

షబ్బీర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. టీవీలో తాళంకప్ప బొమ్మ కనిపిస్తోంది. సంగతేమిటంటే, వాడూ పిడుగురాళ్ల స్నేహితుడు బాలూ చెరిసగం వేసుకుని ఆ ఆట కొన్నారు. అకౌంటు మాత్రం బాలు పేరు మీద ఉంది. ఫోన్లో బాలు గొంతు అందరికీ వినబడింది.

"అకౌంటుతో సహా కన్సోల్ మొన్నే అమ్మేశాన్రా. కొన్నవాడు పాస్‌వర్డ్ మార్చుకున్నట్టున్నాడు. నీకు చెప్దామనుకుని మర్చిపోయా."

షబ్బీర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళు ఆడానాంటీ. నా కార్లన్నీ అందులోనే ఉన్నాయి" అన్నాడు మెల్లగా. తర్వాత మాట తప్పకుండా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. "అరవరా, అరిచెయ్!" అని జనం గోల. వాడు నోరు తెరిచాడు.

దేవకుమారి వాడి మొహం చూసింది. ఆ పొద్దున ట్రాక్టరు ఎదురుగా నాన్న నిలబడ్డదీ ఇలాగే. అప్పుడాయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఏయ్, ఆపండెహె! ఇదేమన్నా తిరణాలా?" అని కసిరి, షబ్బీర్ చెయ్యి పట్టుకుని తమ ఇంట్లోకి లాక్కొచ్చింది. కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిచ్చింది.

"ఇందులో నా ఆట ఉండదుగా ఆంటీ" అన్నాడు.

"మొదట్నుంచీ ఆడు. ముందు నీ పేరు కొట్టుకో."

వాడు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు కొట్టాడు. ఆవిడ చివరిదాకా చూసి తల పంకించింది.

"నేనుండగా దీన్ని ఎవ్వడూ అమ్మడు. ఆడు" అంది.