ఊపిరి ఆగినప్పుడు విన్న మొక్కు

మా నాన్న నన్ను దయ్యాలను నమ్మనిచ్చేవారు కాదు. నేను బడికి పోలేదు, చదువంతా ఆయన దగ్గరే. దయ్యం పేరెత్తితే చాలు, పలక చేతికిచ్చి ఒక పద్యం రాయమనేవారు. అలా పద్యాలు చాలా వచ్చాయి గానీ భయం రాలేదు. దేవుణ్ణి తప్ప కంటికి కనపడని దేన్నీ నేను లెక్కచేయలేదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లూ తటపటాయించాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, డేరాల కింద ఆఫీసులు నడుస్తున్న రోజులు. నాకు కడుపులో కుడిపక్క నొప్పి వచ్చింది. కల్లూరు నుంచి బండిలో తెచ్చి ఒక ఆసుపత్రిలో చేర్చారు. పేగు వాచింది, మరునాడు ఆపరేషన్ చేయాలన్నారు. అది విని మా అత్త, "నేనీడ కూర్చోని ఏం చేస్తా? నంద్యాలకు, కూతురింటికి పోతా" అని బస్సెక్కింది. నా మనసు చివుక్కుమంది.

పొద్దున బల్లమీద పడుకోబెట్టి సూది వేశారు. నిద్ర పట్టింది. మెలకువ వచ్చేసరికి కోత, కుట్లు అయిపోయాయి. కానీ కళ్లు తెరవలేను, వేలు కదల్చలేను, ఊపిరి తీసుకోలేను. ఎవరో రబ్బరు తిత్తి నొక్కుతున్నారు. నొక్కినప్పుడల్లా నా రొమ్ము పొంగుతోంది.

"ఈ మందు నిమిషాల్లో దిగిపోవాల. గుండె బాగానే కొట్టుకుంటాండాది, ఊపిరే రాలేదు. నర్సమ్మా, చెయ్యి ఆపొద్దు" అంటున్నారు మత్తు డాక్టరు.

ఆ చెయ్యి ఆగితే నేను పోతానని అర్థమైంది. లోపల కేకలు పెట్టాను. పెదవి కూడా కదలలేదు.

అప్పుడు మా అత్త గొంతు వినపడింది. చెవి పక్కనే, నీళ్ల చప్పుడుతో కలిసి.

"మహానందీశ్వరా, సామీ, నా కోడల్ని బతికించు. దాని తలనీలాలు ఇస్తా."

నా జుట్టా! మోకాళ్లదాకా ఉండేది. నన్నడక్కుండా ఎట్లా ఇస్తుంది? వద్దని అరుద్దామంటే నోరు నా మాట వినదు.

అంతలోనే మాట మార్చింది. "వద్దులే సామీ. ఆ పిల్లకు జుట్టంటే పానం. నాదే తీసుకో. నెరిసిండాదని అలగాకు, ఉండేది ఇదే. పనైనాంక కాదు, ఇప్పుడే ఇస్తాండా. నువ్వు కూడా ఆలస్యం చేయాకు."

కూలివాళ్లను కసిరినట్టు దేవుణ్ణి కసురుతోంది! నాకు నవ్వు పొంగుకొచ్చింది. ముఖం నవ్వలేదు గానీ కడుపులో ఏదో ఎగిరింది.

"సార్, పొట్ట కదిలింది!" నర్సు కేక పెట్టింది.

తర్వాతి ఊపిరి నేనే తీసుకున్నాను. ఎండలో నడిచొచ్చినవాళ్లు నీళ్లు తాగినట్టు తాగాను. ఆ గాలి రుచి ఈ జన్మలో మరవను.

సాయంత్రం మా ఆయనతో, "అత్త మహానందిలో గుండు చేయించుకునింది" అన్నాను.

"నీకింకా మందు దిగల్యా! అమ్మ నంద్యాలలో ఉండాది" అని నవ్వారు.

మరునాడు అత్త వచ్చింది. కొంగు తీస్తే నున్నటి గుండు, దానిమీద గంధం. "మహానందికి ఎప్పుడు పోతివమ్మా?" అన్నారు మా ఆయన. నా ఆపరేషన్ నాటి పొద్దున్నే, కూతురికి కూడా చెప్పకుండా నంద్యాల పక్కనున్న ఆ గుడికి పోయిందట, కోనేట్లో మెడలోతున నిలబడి మొక్కిందట. "ముందు నా జుట్టే కదా ఇస్తానన్యావు?" అని నేనంటే నాలుక కరుచుకుంది.

డాక్టరుగారు నా ఊపిరి సంగతి విడమరిచి చెప్పారు. కుట్లు వేసేటప్పుడు పొట్ట బిగుసుకుంటే, కండలు వదులు కావడానికి ఒక మందు ఇచ్చారట. నరం తెచ్చిన కబురు కండకు అందే గుమ్మంలో ఆ మందు కూర్చుంటుంది. ఇక కండ కదలదు. ఊపిరికీ కండలే కావాలి కాబట్టి అదీ ఆగుతుంది. గుండె, చెవులు మాత్రం దాని మాట వినవు. ఆ మందును విరగగొట్టే పదార్థం అందరి నెత్తురులో ఉంటుంది, నా నెత్తురులో తక్కువ. నర్సమ్మ చెయ్యి చల్లగా ఉండాలి, అది ఆగలేదు కాబట్టే బతికాను.

ఇదంతా నాకు బోధపడింది. మహానందిలో మాట కర్నూలులో ఎట్లా వినపడిందంటే మాత్రం ఆయనా తల అడ్డంగా ఊపారు. నాకూ ఇప్పటికీ తెలియదు. దండం పెట్టుకోవడం తప్ప.

మా అత్తకు మాత్రం ఇందులో వింతేమీ కనపడలేదు.

"వినపడక ఏమి? నేనేమన్నా గొణిగినానా? గట్టిగానే మొక్కితి!" అంది.