డిస్ట్రాయరు మేడంగారు

మేడంగారు పోయారన్న కబురు నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తుతుంటే కాలేజీ ప్రెసిడెంటుగారి గుమస్తా ఫోన్ చేశాడు.

"ఆయ్, హిస్టరీ మేడంగారు రాత్రి కాలం చేసేరండి. ఫోటో వాట్సాప్‌లో పెట్టేను చూడండి. వెనకాల యుద్ధనౌక బొమ్మ వెయ్యమన్నారు మా ప్రెసిడెంటుగారు. మిసైళ్ళు కనపడాలంటండి."

మెట్టు మీద కూర్చుని ఆ ఫోటో తెరిచి చూశాను. మనిషిని ఇంట్లోంచి ఇంకా తీసుకెళ్ళనే లేదు, ఆవిడ మీద అబద్ధం అప్పుడే అచ్చుకి వచ్చేసింది. మిసైళ్ళ ఓడ వెయ్యనని చెప్పేశాను. పక్క వీధిలో ఇంకొకరు వేసి ఇచ్చారు. ఆకాశం రంగు మాత్రం బాగా కుదిరింది.

అమలాపురంలో నాది చిన్న డీటీపీ షాపు. మేడంగారు నాకు డిగ్రీలో చరిత్ర చెప్పారు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ రాసిన ఒకే ఒక్క పుస్తకాన్ని నేనే కంపోజ్ చేశాను. ఆ రోజుల్లో ముక్తేశ్వరం నుంచి బస్సులో వచ్చేవారు. చేతిలో గొడుగు, క్యారేజీలో పనసాకుల బుట్టల్లో ఉడికించిన పొట్టెక్కలు. తినమని అనేవారు కాదు. క్యారేజీ నా ముందుకి తోసి, ప్రూఫులు తన ముందుకి లాక్కునేవారు. ఎర్ర పెన్నుతో 'మహత్తర', 'అద్వితీయ' లాంటి మాటలన్నీ కొట్టేసేవారు. అవి ఆవిడ రాసినవి కావు, ముందుమాట రాసిన పెద్దమనిషివి. చివరికి ఆ ముందుమాటలో మిగిలింది అరపేజీ. ఆయన మళ్ళీ ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ అది గమనించినట్టు కూడా లేదు.

తియ్యగా మాట్లాడే మనిషి కాదు. "నీ తెలుగు పంచాయతీ నోటీసులా ఉందిరా" అని నన్నే అన్నారు, నా షాపులో, నా కస్టమర్ల ముందు. ఎవరైనా 'చరిత్రలో నిలిచిపోతారు' అంటే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టేవారు. మళ్ళీ పెట్టుకునేలోపు అవతలివాళ్ళు మాట మార్చేసేవాళ్ళు.

కోనసీమలో పుట్టిన మనిషి ఇంగ్లీషువాళ్ళ తొలినాటి డిస్ట్రాయరు యుద్ధనౌక మీద పుస్తకం ఎందుకు రాసిందని చాలామంది నవ్వారు. కారణం మా ప్రెసిడెంటుగారే. ప్రతి కాలేజీ వార్షికోత్సవంలోనూ ఆయన తమ ముత్తాతగారి కథ చెప్పేవారు. ఆ ముత్తాతగారు బ్రిటిషు డిస్ట్రాయరుకి కెప్టెనుగా పనిచేసి, శత్రువుల ఓడల్ని ముంచేశారట. ఓడ పేరు కూడా చెప్పేవారు. ఏటేటా ముంచిన ఓడలు పెరిగేవి. లెక్చరర్లంతా చప్పట్లు కొట్టేవారు. మేడంగారు ఒక్కరూ ఇంటికెళ్ళి, ఆ ఓడ సంగతేమిటో తెలుసుకోవాలనుకున్నారు.

ఏళ్ళు పట్టింది. లైబ్రరీలకి రాశారు, సెలవుల్లో మద్రాసు, కలకత్తా తిరిగారు. తిరిగి తిరిగి చివరికి తేల్చిన ఆ ఓడ సర్వీసు చరిత్ర ఇదీ. టార్పెడో పడవల్ని వేటాడడానికి కట్టారు. సముద్రం అద్దంలా ఉన్న రోజు చూసి, ఏరిన బొగ్గు వేసి, ఆరితేరినవాళ్ళని కొలిమి దగ్గర నిలబెట్టి పరుగెత్తించి, ఆ వేగాన్ని గొప్పగా రాసుకున్నారు. తన జన్మలో అది మళ్ళీ అంత వేగం వెళ్ళలేదు. రేకు పల్చన. అల లేస్తే నావికులు పడుకునేచోటికి నీళ్ళు వచ్చేవి, పొయ్యి వెలిగేది కాదు. అందులో బతకడం ఎంత నరకమంటే, ఆ కష్టానికి జీతం మీద అదనంగా ఇచ్చేవారట. తూర్పు సముద్రాలకి పంపారు. ఎక్కువ బొగ్గు పట్టదు కాబట్టి రేవు కనపడ్డప్పుడల్లా ఆగింది. అక్కడ కొన్నేళ్ళు జెండా చూపించుకుంటూ తిరిగింది. బాయిలర్లు పాడై నెలల తరబడి మరమ్మతులో పడుకుంది. ఒకసారి గుద్దింది కూడా, తన సొంత రేవు గోడనే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ముసలిదైపోయి, రేవు ముఖద్వారంలో కాపలా కాసింది. తర్వాత పాత ఇనుముకి అమ్మేశారు. శత్రువు మీద ఒక్క గుండు పేల్చిన దాఖలా ఆవిడకి దొరకలేదు.

"చరిత్రలో ముప్పాతిక మరమ్మతులేరా. ఆ సంగతి ఎవడూ పాఠంలో పెట్టడు" అనేవారు.

అప్పటికే పిల్లలు ఆవిడకి డిస్ట్రాయరు మేడం అని పేరు పెట్టారు. అది ఆవిడకి తెలుసు. "ఆ ఓడకంటే నేనే నయం. చెప్పిన టైముకి వస్తాను" అన్నారొకసారి.

పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు ప్రెసిడెంటుగారు స్వయంగా నా షాపుకి వచ్చారు. సెంటు వాసన ముందొచ్చింది, తర్వాత ఆయన, ఆ వెనక గుమస్తా. మేడంగారు ప్రూఫులు చూస్తున్నారు.

"అచ్చు ఖర్చంతా నాదండి మేడంగారూ. మీరేమీ అనుకోకండి. మా ముత్తాతగారి గురించి ఒక్క లైను పడాలి, అంతే."

"ఆ ఓడకి కెప్టెన్లుగా చేసినవాళ్ళ పేర్లన్నీ దొరికేయండి. మీ ముత్తాతగారు లేరు."

"ఇంగ్లీషువాళ్ళు మనవాళ్ళ పేర్లు రాస్తారేంటండీ?"

"కెప్టెనైతే రాస్తారండి. మీ మేనత్తగారిని అడిగేను. వాళ్ళ తాతగారు కుర్రతనంలో కొలంబో వెళ్ళేరని, రేవులో పనిచేసేరని చెప్పేరు. ముసలితనంలో దగ్గితే నల్లగా పడేదటండి. ఈ ఓడ తూర్పుకెళ్తూ కొలంబోలో బొగ్గు ఎక్కించుకుంది. ఆ పేరు ఆయన అక్కడ విని ఉంటారు."

ప్రెసిడెంటుగారి మొహం ముడుచుకుపోయింది. గుమస్తా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"అంటే బొగ్గు మోసేడంటారా?"

మేడంగారు పెన్ను కింద పెట్టారు.

"మోసేరు అనాలండి. మీ ముత్తాతగారు కదా."

ఆయన లేచి వెళ్ళిపోయారు. మేడంగారు మళ్ళీ ప్రూఫులో పడ్డారు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆయన్ని అంత చులకనగా చూసిన మనిషి, ఆయన ముత్తాతకి మాత్రం ఆయనకంటే ఎక్కువ మర్యాద ఇచ్చారు.

ఆ ఏడు పుస్తకావిష్కరణకి కాలేజీ హాలు దొరకలేదు. లైబ్రరీకి ఒక్క కాపీ కొనలేదు. ఆవిడ రిటైరైన రోజు శాలువా కప్పడానికి కూడా ప్రెసిడెంటుగారికి తీరిక చిక్కలేదు. తీరిక చిక్కినప్పుడు తన రైస్‌మిల్లు గేటు పక్కన ముత్తాతగారి విగ్రహం పెట్టించారు. సిమెంటు కోటు, సిమెంటు మీసం, నెత్తిన కెప్టెను టోపీ. వినాయక చవితికి విగ్రహాలు చేసేవాళ్ళకే పని అప్పగించినట్టున్నారు, పొట్ట కాస్త ముందుకొచ్చింది. ఆవిడ వచ్చే బస్సు దాని ముందునుంచే పోతుంది. చూశారా అని అడిగితే, "చూసేను. పాపం, ఆ ఎండలో కోటేంటిరా ఆయనకి" అన్నారు.

సంస్మరణ సభకి మాత్రం కాలేజీ హాలు దొరికింది. చనిపోయినవాళ్ళు ఎదురుచెప్పరు కదా. ప్రెసిడెంటుగారు మైకు పట్టుకుని, తమ ముత్తాతగారి నౌకాయుద్ధాల్ని మేడంగారు పరిశోధించి ప్రపంచానికి చాటారని చెప్పారు. ఆయన వెనక ఫ్లెక్సీ మీద ఇంత ఎత్తున మిసైళ్ళ ఓడ, దాని ముందు కళ్ళజోడుతో మేడంగారు. ఆ పుస్తకం పేజీ తిప్పనివాళ్ళందరూ తలలూపారు.

పూర్వ విద్యార్థిగా నన్నూ పిలిచారు. నేను ఉపన్యాసం చెప్పలేదు. పుస్తకం తీసి కొలంబో పేజీ చదివాను.

"బొగ్గు పడవలు ఓడ పక్కకి వచ్చాయి. పడవకీ ఓడకీ మధ్య పలకలు వేశారు. మనుషులు బుట్టలు ఎత్తుకుని ఎక్కారు, ఖాళీ బుట్టలతో దిగారు. పొద్దుపోయేదాకా అదే పని. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. వాళ్ళలో ఒకరు మా గోదావరి మనిషని ఆయన మనవరాలు చెబుతారు. నా దగ్గర రుజువు లేదు. ఆవిడ మాట ఉంది. ఓడ మర్నాడు బయల్దేరింది. వాళ్ళు మోయకపోతే బయల్దేరేది కాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రెసిడెంటుగారు ఫోన్ చూసుకున్నారు. వందన సమర్పణ అని ఎవరో గబగబా మైకు అందుకున్నారు. సమోసాలు వచ్చాయి, జనం అటు కదిలారు.

నేను బయటికి వస్తుంటే వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకున్నారు. ప్రెసిడెంటుగారి మేనత్తగారు.

"అది ఇంకోసారి చదవండి బాబూ. లోపల సరిగ్గా వినపళ్ళేదు."

పక్కన కూర్చుని మళ్ళీ చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు.

"మా తాతగారికి ఈ భుజం మీద కాయ కాసి ఉండేదండి" అని తన కుడిభుజం ముట్టుకున్నారు. "చిన్నప్పుడు నన్ను ఎక్కించుకుని తిప్పేవారు. గుచ్చుకుంటోంది తాతగారూ అంటే, రెండో భుజానికి మార్చుకునేవారు. కోటూ టోపీ నేనెప్పుడూ చూళ్ళేదు. మీ మేడంగారు వచ్చి అడిగేదాకా ఆయన గురించి నన్నెవరూ అడగలేదండి."

పుస్తకం ఆవిడ ఒళ్ళో పెట్టాను. రోడ్డుకి అవతల కొబ్బరికాయలు లారీకి ఎక్కిస్తున్నారు. లారీ వెనక ఏటవాలుగా వేసిన పలక మీద మనుషులు బుట్టలు ఎత్తుకుని ఎక్కుతున్నారు, ఖాళీ బుట్టలతో దిగుతున్నారు. కారు సిద్ధంగా ఉందని డ్రైవరు రెండుసార్లు వచ్చి చెప్పాడు. పెద్దావిడ లేవలేదు. ఒక్కొక్కరు పలక ఎక్కుతుంటే, వాళ్ళ భుజాల వైపే చూస్తూ కూర్చున్నారు.