సూదక్క విరగ్గొట్టిన పక్కటెముక

సూదక్కను ఆ మ్యూజియంలో అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. రాతిలో ఇరుక్కుపోయిన పాతకాలపు ఎముకల చుట్టూ సూదితో గోకి గోకి వాటిని బయటికి తీయడం ఆవిడ పని. అందులో చెయ్యి తిరిగిన మనిషి. ఆ గదిలో ఒకటే కట్టుబాటు: ఎముక నుంచి చిన్న పెంకు ఊడినా సరే, దాన్ని అతికించాకే కుర్చీలోంచి లేవాలి.

ఈసారి బల్ల మీదికొచ్చింది మామూలు జంతువు కాదు. చూడ్డానికి చేప, ఊపిరి మాత్రం నీళ్ళ పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకునే బాపతు. పళ్ళెమంత కళ్ళేసుకుని చీకటి నీళ్ళలో వేటాడేదట. దాని పొట్ట దగ్గర గోకుతుంటే పక్కటెముకల కింద చిన్న చిన్న ముక్కలు బయటపడ్డాయి. ఇంకేముంది, పక్కటెముక విరిచేశాననుకుంది సూదక్క. కట్టుబాటు ప్రకారం అతికించబోతే ఒక్క ముక్కా అతకదే. అటు తిప్పి, ఇటు తిప్పి, తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మీద గుడ్డ కప్పేసి ఇంటికెళ్ళిపోయింది. ఇంట్లో జరిగిందంతా చెప్పుకుంది.

"అది చచ్చి ఎన్ని కోట్ల ఏళ్ళయిందో. ఇప్పుడు దానికి నొప్పేంటే?" అన్నాడు బస్సు తోలే మొగుడు.

"దానికి కాదు, నాకు. చూపు తగ్గిపోయింది. ఇక ఈ పని నా వల్ల కాదు" అంది. అనేసరికి ఆవిడకే ఏడుపొచ్చింది. ఆ సూది తప్ప ఆవిడకి వేరే లోకం ఉంటేగా!

మర్నాడు మ్యూజియం పెద్ద మేడమ్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పని మానేస్తానని కూడా అంది. మేడమ్ భూతద్దం తీసుకుని బల్ల మీదికి వంగింది. ఎంతకీ లేవదు.

"ఇవి విరిగిన ముక్కలు కావమ్మా" అంది చివరికి. "ఇది వెన్ను. ఇదిగో, చిట్టి తల. ఈ జాతి జంతువులు గుడ్లు పెట్టేవి కావు, నీళ్ళలోనే పిల్లల్ని కనేవి. దీని కడుపులో బిడ్డ ఉంది."

సూదక్క కూడా బల్ల మీదికి వంగి చూసింది. "అంటే, నేనేం విరగ్గొట్టలేదా?"

"చిన్న గీత కూడా పడలేదు."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే నవ్వేసింది. బిడ్డ ఎముకల్ని పట్టుకెళ్ళి తల్లి పక్కటెముకలకి అతికించబోయానే, నా బుద్ధి మండ, అని తనని తానే తిట్టుకుంది. మేడమ్‌కి కూడా నవ్వాగలేదు.

"మరి పని మానేస్తానన్నావుగా? మిగతాది ఎవరికివ్వమంటావు?"

సూదక్క అప్పటికే కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది.

"భలేవారే. కడుపుతో ఉన్నదాన్ని ఇంకొకళ్ళ చేతుల్లో పెడతానా?"